క్షేమమని రాసిన కార్డు

నేను ఐదో తరగతి రెండేళ్లు చదివాను. అంత బాగా చదివానని మూడో ఏడు బడిలోకి రానివ్వలేదు. ఆ చదువుతోనే, పెట్రోలు దొరకని యుద్ధకాలంలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బొగ్గుతో నడిచే బస్సులో కండక్టరునయ్యాను. టిక్కెట్టు మీద ఊరి పేరు రాయడం వచ్చు, జనాన్ని నవ్వించడం వచ్చు. ఎక్కినవాళ్లే దిగి బస్సు తోయాల్సిన రోజులు కాబట్టి ఆ రెండోదే ఎక్కువ అవసరం.

నంద్యాలలో ఆడవాళ్ల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది. మా వైపు మనిషే. పెళ్లి చేసుకోలేదు. పగలంతా కాన్పులు చూసి, తీరిక దొరికితే వైద్యుల పత్రికలకు వ్యాసాలు రాసేది. అప్పటికి మూడు అచ్చయ్యాయి: రెండు గుండె జబ్బుల మీద, ఒకటి కాన్పుల మీద. నాలుగోది గుండె జబ్బున్న గర్భిణుల మీద రాస్తోంది. బీరువాలో వాటిని చూసి, "ఇవి ఎవురు చదువుతారు డాక్టరమ్మా?" అన్నాను ఒకసారి.

"నీ టిక్కెట్టు ఎవురు చదువుతాండారప్పా? అయినా చింపి ఇస్తాండావ్ గదా" అంది.

ఆమెకు ఒకటే చిక్కు. తొలికాన్పు పుట్టింట్లోనే కదా. నంద్యాలలో గుండె చప్పుడు విని ఆమె వివరాలు రాసుకున్న ఆడవాళ్లు నెలలు నిండకముందే ఆళ్లగడ్డ వైపు పల్లెలకు వెళ్లిపోయేవారు. ఏమయ్యారో తెలియక ఆమె పుస్తకంలో పేజీలు సగం ఖాళీగా ఉండిపోయేవి. అందుకని నాకు కార్డులు ఇచ్చింది. ఒక్కో కార్డు మీద ఒక్కో మనిషి వివరం, కింద రెండు ఖాళీలు: తల్లి, బిడ్డ. బస్సు ఆగినచోట విచారించి రాసి తెచ్చేవాణ్ణి. చాలావరకు "క్షేమం, క్షేమం" అనే రాసేవాణ్ణి. ఆ మాట నాకు తప్పులేకుండా వచ్చు.

ఆ కార్డుల్లో ఒకటి నా భార్యది. గుండెలో ఏదో సరిగా మూసుకోవడం లేదని, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని డాక్టరమ్మ చెప్పింది. ఏడో నెలలో మా అత్త గాజులు తొడిగించి, తీసుకుపోతానంది. నేను కాదనలేదు. "నన్ను కట్టుకున్నంక గూడా కొట్టుకుంటాందంటే అది గట్టి గుండేలే" అని ఇద్దరినీ నవ్వించి, నా బస్సులోనే డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాను.

తొమ్మిదో నెలలో ఆమె ఆళ్లగడ్డలో పోయింది. బిడ్డ కూడా.

దినాలయ్యాక మళ్లీ బస్సెక్కాను. జేబులో ఆమె కార్డు ఉంది. ఎందుకు రాశానో ఇప్పటికీ చెప్పలేను. రెండు ఖాళీల్లోనూ క్షేమమని రాసి ఇచ్చాను. డాక్టరమ్మ సంతోషంతో కుర్చీలోంచి లేచింది.

"బిడ్డ ఎవురి పోలికప్పా?"

"ఆడబిడ్డ డాక్టరమ్మా. నా పోలిక రాలేదు, బతికిపోయింది" అన్నాను. ఆ రోజు బస్సులో ఎవరినీ నవ్వించలేకపోయాను.

నంద్యాలలో మాకు చుట్టాలెవరూ లేరు. గదిలో ఒక్కణ్ణే సంగటి కెలుక్కుని, సగం తిని మూత పెట్టేవాణ్ణి. నా భార్య సంగతి అడిగే మనిషి ఊరు మొత్తం మీద డాక్టరమ్మ ఒక్కతే. అందుకే వారానికొకసారైనా అటు వెళ్లేవాణ్ణి. కూతురు బోర్లా పడిందని చెప్పాను. పళ్లు వస్తున్నాయని చెప్పాను. బాలింతకని ఆమె ఇచ్చిన టానిక్కు సీసాలు గూట్లో వరసగా నిలబెట్టాను. ఇంకా పుట్టింట్లోనే ఎందుకుందని అడిగితే, "నా వంట తిని మళ్లా జబ్బు పడుతుందని" అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి నాలుగో వ్యాసం అచ్చయి వచ్చింది. ఇంగ్లీషు పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఈమే నీ పెండ్లాము" అంది. పేరు లేదు, అంకె ఉంది.

"అందరికంటే చెడిపోయిన గుండె ఈమెదేనప్పా. నేను పంపొద్దంటి, నాదే తప్పయింది. ఈమే గట్టెక్కిందంటే, ఇట్లాంటోళ్లను పుట్టింటికి పంపొచ్చని రాసినా. అదో, ఆ పిల్లను గూడా ఈ పొద్దు నీ బస్సుకే పంపిస్తాండా."

వరండాలో బల్ల మీద ఒక నిండు గర్భిణి, పక్కన మూటతో ఆమె తల్లి. "బస్సు బేగా పోతాదా అన్నా?" అని ఆ తల్లి నన్ను అడిగింది.

"ఆ పిల్లను ఎక్కించొద్దు డాక్టరమ్మా" అన్నాను. "నా పెండ్లాము లేదు. బిడ్డా లేదు. ఆ కార్డు అబద్ధం."

డాక్టరమ్మ లేచింది. ముందు వెళ్లి ఆ తల్లి చేతిలోని మూట తీసుకుని లోపల మంచం కింద పెట్టింది. తిరిగి వచ్చి, నా ఎదురుగానే పత్రికకు దిద్దుబాటు రాయడానికి కూర్చుంది.

"ఏ పొద్దు పోయింది?"

చెప్పాను.

"బిడ్డ?"

"మగబిడ్డ" అన్నాను. ఆమె కలం ఆగింది. ఇన్నాళ్లూ నేను ఆమెకు చెప్పింది లేని కూతురి ముచ్చట్లు.

దిద్దుబాటు కొన్ని నెలలకు అచ్చయింది, పేజీ అడుగున నాలుగు వరుసలు. ఆ పిల్ల అప్పటికే ఆసుపత్రిలో కని, బిడ్డతో ఇంటికి వెళ్లిపోయింది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని ఐదోదిగా బీరువాలో పెడుతుంటే నేను ఊరుకోలేక, "నా పుణ్యాన మీకు ఇంగొకటి అచ్చయ్యె" అన్నాను.

"నీ పుణ్యమేముందప్పా దీంట్లో?" అంది బీరువా మూస్తూ. "ఇది నీ పెండ్లాము రాయించింది. నువ్వు చేసిందంతా ఆలస్యమే."