మామ చెప్పుల కొలత

ఒక ఈనెపుల్ల ముక్క. బొటనవేలి గోరంత ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. చర్చిలో మోకాళ్ళ మీద నిలబడి నా పాపాలన్నీ చెప్పుకున్నాను, పక్కింటి కోడిగుడ్డు తీసుకున్న సంగతితో సహా. ఇది మాత్రం గొంతు దాటి రాలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. పెద్దకోడలు రూతమ్మ. క్రిస్మస్ ముందురోజు ఇంట్లో నుంచి ఒక్క మనిషి బస్సెక్కి నెల్లూరు వెళ్ళి అందరికీ బట్టలూ గాజులూ తెచ్చేది. ఆ ఒక్క మనిషి ఎప్పుడూ రూతమ్మే. ఏడాది పొడుగునా పొలమూ పొయ్యీ తప్ప వేరే ఏమీ చూడని ఆడవాళ్ళకు ఆ ఒక్కరోజు ఎంతటిదో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

మొదటి ఏడు నేనూ వెంట వస్తానన్నాను. వాకిట్లో అందరూ ఉన్నారు.

“నువ్వెందుకు మే? కాలవ దాటకముందే బస్సులో కక్కుకుంటావు,” అంది రూతమ్మ.

అందరూ నవ్వారు. నా భర్త కూడా. ఎవరి తరువాత ఎవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ సాయంత్రం రూతమ్మ తలలో కనకాంబరాలతో, చీరకు పట్టిన కాఫీ వాసనతో తిరిగి వచ్చింది. నెల్లూరు చిన్నబజారు అంతా మా వసారాలోకి తెచ్చేసింది: గాజుల అంగడి ముందు తోపులాట, బట్టల కొట్టువాడితో తను ఆడిన బేరం, చివరికి హోటల్లో తిన్న నెయ్యి కారం దోసె. “అంచేమో కరకరా, నడుమేమో మెత్తగా, కారం నాలిక్కి తగిలిందో, కళ్ళల్లో నీళ్ళే!” అంటూ చేతులు తిప్పుతుంటే పిల్లలు గుటకలు మింగారు. నేనూ మింగాను. నాకు తెచ్చింది మట్టిరంగు చీర. మాపు కనపడదట. మరుసటి ఏడూ మట్టిరంగే. తనకేమో చిలకపచ్చ.

మూడో ఏడు మామకు చెప్పులు తేవాలనుకున్నారు. పుట్టిందగ్గరనుంచీ ఉత్తకాళ్ళతో మడి దున్నిన మనిషి. మడమలు పగిలి నెత్తురు కారేవి. అప్పట్లో చెప్పులు కొనడానికి తొడుక్కునేవాళ్ళే వెళ్ళనక్కర్లేదు. కొబ్బరి ఈనెపుల్ల పాదం కింద పెట్టి, మడమ నుంచి వేలి కొస దాకా కొలిచి తుంచి ఇస్తే, దాన్ని అంగట్లో చెప్పు మీద పెట్టి సరిచూసి తెచ్చేవాళ్ళు. అత్త కొలిచి తుంచింది. రూతమ్మ ఆ పుల్లను సంచిలో పెట్టి, తల దువ్వుకోవడానికి లోపలికి వెళ్ళింది.

సంచి నా పక్కనే ఉంది.

నేను ఆలోచించానా? ఆలోచించకుండా చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వాకిలి వైపు చూశాను, గదివైపు చూశాను, ఆ తరువాతే సంచిలో చెయ్యి పెట్టాను. ఆలోచించని మనిషి అటూ ఇటూ ఎందుకు చూస్తుంది? పుల్ల కొస తుంచి పొయ్యిలో వేశాను.

సాయంత్రం మామ చెప్పులు తొడుక్కుంటే మడమ వెనక్కి వేలాడింది.

“పుల్ల పెట్టి చూసినావా లేదా?” అంది అత్త.

“పెట్టే చూసినానత్తా. సరిగ్గా సరిపోయింది.”

“ఆ పుల్ల యాడ?”

“చెప్పులు కొన్నాక ఇంకెందుకని ఆడనే పారేసినాను.”

“దోసె మీదుండే ధ్యాస పుల్ల మీద యాడుంటది!” అంది అత్త.

అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. రూతమ్మ నవ్వలేదు.

“కొత్త తోలు, సాగుద్దిలే,” అన్నాడు మామ. పెద్దకోడలి మొహం చూసే అన్నాడనుకుంటాను. పండగ పొద్దున ఆ చెప్పులతోనే కుంటుతూ చర్చికి నడిచాడు. తిరిగి వచ్చేసరికి రెండు మడమలూ నెత్తురే. తన కాళ్ళకు చెప్పులు రాసిపెట్టి లేవని వాటిని గోడకు తగిలించాడు. పోయేదాకా మళ్ళీ తొడుక్కోలేదు.

మరుసటి ఏడు అత్త నన్ను పంపింది. నాకు కావలసింది అదే కదా. పిల్లల కాళ్ళు రూతమ్మే కొలిచింది. ఒక్కో కాలికి రెండేసి పుల్లలు తుంచి, ఒకటి నా చేతికిచ్చి, రెండోది చూరులో గుచ్చింది. రెండెందుకక్కా అని అడిగాను.

“ఒకటి ఇంట్లో ఉండనీ మే. నువ్వు మాటపడకుండా ఉంటావు.”

ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. తెలిసి అందా, తెలియక అందా? ఆ తరువాత నా కొంగుకు ఒక నిమ్మకాయ ముడివేసింది. “వాసన చూసుకుంటా పో. నాకూ మొదట్లో తిప్పేది.”

కాలవ దాటకముందే కక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చిన్నబజారు ఆమె చెప్పినట్టే ఉంది. దోసె కూడా అచ్చం ఆమె చెప్పినట్టే ఉంది, నాకు మండింది అందుకే. ఒక్కటైనా అబద్ధమని తేలితే బాగుండేది. ఆమెకు మట్టిరంగు చీర కొన్నాను. “మాపు కనపడదులే,” అని కట్టుకుంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు నేనే వెళ్ళాను. రూతమ్మ మళ్ళీ ఆ బస్సెక్కలేదు. నేను తిరిగి వచ్చినప్పుడు మాత్రం వసారాలో పిల్లల పక్కన కూర్చుని, “దోసె తిన్నావా? అంచు కరకరలాడిందా?” అని అడిగేది. బాగాలేదని చెప్పేదాన్ని. అది కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

ఆమె ఇప్పుడు గోడ అవతలే ఉంది. పిలిస్తే పలుకుతుంది. ఎన్నోసార్లు గోడ దాకా వెళ్ళి, ఉప్పో చింతపండో అడిగి తిరిగి వచ్చాను.

పదిమందిలో నన్నట్లా అనడం తప్పే. ఆ మాట నేను మరవలేదు, మరవను కూడా. కానీ అత్త తుంచిన పుల్ల సరిగ్గా మామ పాదమంత ఉంది. రూతమ్మ ధ్యాస దాని మీదే ఉంది. పొట్టి చేసింది నేను.