పక్కింట్లో మొదలైన ప్రయాణం

గత నెల మా ఎదురు ఫ్లాట్‌లోని నేవీ అబ్బాయి ఓడ మీదికి బయల్దేరాడు. పెళ్ళయి నెలైనా కాలేదు. కొత్త పెళ్ళికూతురు అందరి ఎదుటే అతని చెయ్యి పట్టుకుని లిఫ్టు దిగి, నేవల్ బేస్ గేటు దాకా దింపి వస్తానని స్కూటీ తానే నడుపుకుంటూ తీసుకెళ్ళింది. చూసి ముచ్చటపడాలి గదా, నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఇరవై ఏళ్ళు దాటినా చల్లారని పాత మంట అది.

కార్గిల్ యుద్ధం మొదలైన వేసవిలోనే మా పెళ్ళి. మావారు వైమానిక దళంలో హెలికాప్టర్ పైలట్. పదహారు రోజుల పండుగ ఇంకా ఐదు రోజులుందనగా, సెలవు రద్దయింది, వెంటనే రమ్మని టెలిగ్రాం వచ్చింది. రైలు మర్నాడు సాయంత్రం. నాకు మిగిలింది ఒక్క పగలు. ఆయన్ని ఏమని పిలవాలో కూడా అప్పటికింకా తేల్చుకోలేదు నేను.

ఆ ఒక్క పగలూ ఆయన మేనమామగారు లాక్కున్నారు. పోర్టులో ఉద్యోగం, నోట్లో చుట్ట, చంకలో పంచాంగం. సాయంత్రం మంచి ఘడియ లేదనీ, ఉదయం ఎనిమిదికే గడప దాటాలనీ తేల్చేశారు. ప్రస్థానం అనేవారు, మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది: మంచివేళకు ఇల్లు వదిలి పక్కింట్లో కూర్చుంటే ప్రయాణం మొదలైనట్టే, ఇక వెనక్కి రాకూడదు. మామూలుగా ఒక చేతిసంచో తువ్వాలో పంపితే సరిపోయేది. ఈయన మనిషినే పంపాలన్నారు. నేను గుమ్మం దాకా వెళ్తే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వెక్కడికమ్మా? ఆడు బయల్దేరిపోయినట్టే. ఎనకాల ఎల్లకూడదు," అన్నారు.

వన్ టౌన్‌లో మా అత్తగారింటికీ పక్కింటికీ ఒకటే గోడ. తొమ్మిది గంటలసేపు ఆ గోడకు అవతల ఆయన, ఇవతల నేను. ఆయన దగ్గు వినిపించేది, పక్కింటి పిన్నిగారు ఇంకాస్త మజ్జిగ పోయనా అని అడగడం వినిపించేది. నేను వండిన వంజరం చేప పులుసు గిన్నె కూడా మేనమామగారే పట్టుకెళ్ళారు. మంచుకొండల్లోకి, తుపాకుల మధ్యకు పోబోయే మనిషి ఒక్క గోడ చుట్టి రాలేకపోయాడే అని లోపల ఉడికిపోయాను. పదహారు రోజుల పండుగ ఇంకా కాని పెళ్ళికూతురికి స్టేషనేమిటని నన్ను రైలు దగ్గరికీ పంపలేదు. ఆటో ఎక్కేటప్పుడైనా ఆయన మా గుమ్మం వైపు తల తిప్పలేదు.

ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. దాంతో నా నోరు పూర్తిగా మూతపడింది. చూశారా ముహూర్తబలం అని చుట్టాలంతా మేనమామగారిని పొగుడుతుంటే, ఇక నా కోపం ఎవరిక్కావాలి? ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ పెద్దాయన మా ఇంటికి వస్తూనే ఉన్నారు, నేను కాఫీ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెడుతూనే ఉన్నాను. పలకరిస్తే మొహం తిప్పుకునేదాన్ని. అత్తగారు గదమాయించబోతే, "ఒగ్గెయ్యవే సెల్లీ, ఆ పిల్ల కోపం నాయమే," అనేవారు. అదీ నటనే అనుకున్నాను. ఆయన పోయిన రోజున నా కంట తడి లేదు.

స్కూటీ వీధి మలుపు తిరిగాక ఇదంతా మావారి మీద కక్కేశాను. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు ఆయన. తర్వాత మెల్లగా చెప్పారు. టెలిగ్రాం వచ్చిన సాయంత్రం మేనమామ చెయ్యి పట్టుకుని బతిమాలింది తానేనట. పగలంతా నా ఎదుట ఉంటే కదలలేననీ, ఏదో ఒకటి చెప్పి ఇంట్లోంచి పంపెయ్యమనీ. మేనమామగారు ఘడియలూ వర్జ్యాలూ ఆ తర్వాతే వెతికారట. నాకు ఎప్పటికీ చెప్పొద్దని ఆ పెద్దాయన దగ్గర మావారు మాట కూడా తీసుకున్నారట.

"భయమేసింది. నువ్వేడిస్తే ఆగిపోదునేమో," అన్నారు.

జాలిపడలేదు నేను. రెండు రోజులు ఆయనతో మాట మానేశాను. నాకున్న ఒక్క పగలూ దొంగిలించింది నా మొగుడే గదా!

ఇప్పటి పిల్లలు ఏడవాల్సింది ఎదురుగానే ఏడుస్తారు, అదే మంచిది, కాదనను. కానీ ఇంట్లోవాళ్ళ పిరికితనాన్ని తన మూర్ఖత్వంగా చూపించి, ఆ కోపమంతా తాను భరించే పెద్దదిక్కు ఇప్పుడు ఎవరింట్లోనూ కనిపించదు. వరసకు నాకు ఆయన పెదనాన్న అవుతారు. ఒక్కనాడూ అలా పిలవలేదు. ఇప్పుడు ఎదురుపడితే ఆయన్నీ దులిపేద్దును: అన్నేళ్ళు నా ఈసడింపు భరిస్తూ ఎందుకు ఊరుకున్నావు పెదనాన్నా, అని.