ఉమారాణి చంద్రకాంత పొద

సలోమి రెండో పెళ్లాంగా యాకూబు ఇంటికి వచ్చేనాటికి అతని మొదటి భార్య ఉమారాణి పోయి ఏడాది కావస్తోంది. ఎల్లారెడ్డికి కాస్త దూరంలో ఉన్న ఊరు వాళ్లది. ఉమారాణి చీరలు ఎవరెవరికో ఇచ్చేశారు. ఫోటో కూడా గోడ మీద లేదు. పెరట్లో నీళ్లు పోసుకునే బండ పక్కన ఆమె పెట్టిన చంద్రకాంత పొద మాత్రం మిగిలింది.

వానలు పడగానే ఆ పొద పసుపుపచ్చటి పూలు పూసింది. పగలంతా ముడుచుకుని ఉండే మొగ్గలు పొద్దు వాలగానే విచ్చుకునేవి. ఆ వాసన ఇంట్లోకి రాగానే అత్త ఈరవ్వ మంచంలోంచే పొయ్యి ముట్టించమనేది. ఉమారాణి కూడా అదే వేళకు బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి లేచేదట. కొన్నాళ్లకు అత్త చెప్పకముందే సలోమి లేవసాగింది. తన కాళ్లు ఇంకెవరి మాటో వింటున్నట్టు ఆమెకు దిగులేసేది.

ఒక ఉదయం బండ మీద పూలదండ కనిపించింది. దారం లేదు. చంద్రకాంత పువ్వు కింద సన్నటి పొడవాటి గొట్టం ఉంటుంది. ఆ గొట్టాలనే జడలా అల్లారు. రేకులు వాడి తడి కాగితంలా అతుక్కుపోయాయి. మర్నాడు ఇంకోటి. అత్త వేళ్లు చూస్తే కీళ్లవాతంతో వంకరపోయాయి, ముద్ద కూడా సరిగ్గా పట్టవు. ఎవరు అల్లుతున్నారని ముసలామెనే అడిగింది.

"ఉమ గట్లనే అల్లుతుండె బిడ్డా," అంది అత్త.

అప్పటినుంచీ సాయంత్రం పూట పెరట్లోకి పోవాలంటే సలోమికి భయం. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించుకుంది. ఒక పగటిపూట ధైర్యం తెచ్చుకుని, నిన్న పూసి ఇంకా పూర్తిగా వాడని పువ్వొకటి తెంపి చూసింది. అయిదు రేకులున్నట్టే ఉంది. విడదీయబోతే రాలేదు. పువ్వంతా కలిపి ఒకటే రేకు; చినిగింది గానీ విడిపోలేదు.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం స్నానానికి వెళ్లిన యాకూబు ఎంతకీ రాకపోతే, భయపడుతూనే తొంగి చూసింది. అతను బండ మీద కూర్చుని దండ అల్లుతున్నాడు. పార పట్టి కాయలు కాసిన చేతులు ఒక్క రేకైనా నలగకుండా కదులుతున్నాయి. సలోమి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది. దయ్యమైతే ప్రార్థనకు పోయేది. ఇదెలా పోతుంది?

అతను మక్కజొన్నలు అమ్మడానికి కామారెడ్డి వెళ్లిన రోజున ఆమె గడ్డపార తీసుకుని పొదను తవ్వేసింది. అడుగున ముంజేయంత లావు నల్లటి దుంప. దాన్ని ఈడ్చుకెళ్లి పెంటకుప్ప మీద పడేసింది.

సాయంత్రం యాకూబు ఆ గుంతను చూశాడు. కాళ్లు కడుక్కుని రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఒళ్లో ఏమీ లేకపోయినా అతని వేళ్లు అల్లుతున్నట్టే కదిలాయి. సలోమి చూడలేకపోయింది.

"నేనే పీకేసిన," అంది.

"చూసిన."

కాసేపటికి తనే చెప్పాడు. చివరి రోజుల్లో ఉమారాణి వేళ్లకు సత్తువ పోతే అతనికి అల్లిక నేర్పిందట. రోజూ ఒక దండ ఆమె తలాపున పెట్టేవాడట.

"ఆ దినం కామారెడ్డిల చిక్కువడ్డ. పొద్దుగూకేదాక నా కోసం చూసిందంట. నేనొచ్చేసరికి పూలు విచ్చుకున్నయి, ఆమె లేదు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వుంటవా?"

సలోమి పొయ్యి ముట్టించడానికి లేచింది.

మళ్లీ వానలకు, రాలిన గింజలు పెరడంతా మొలిచాయి. పెంటకుప్ప మీది దుంప కూడా చిగురేసింది. ఈసారి కొన్ని పూలకు సగం పసుపు, సగం ఎరుపు. తమ ఇంటి ఎర్ర చంద్రకాంత పుప్పొడి కలిసి ఉంటుందని పక్కింటి గంగామణి అంది. సలోమి తలూపింది గానీ ఆ పూలను ముట్టుకోలేదు, పీకనూ లేదు.

యాకూబు మళ్లీ దండ అల్లలేదు. సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడు. పొలం సంగతులు, ఉమారాణి సంగతులు. మాటల్లో పడి ఒక్కోసారి "ఉమా" అంటాడు. అలా పిలిచినట్టు అతనికి తెలియదు. సలోమి పలుకుతుంది.