బండికి సోకిన గాలి

ముందే చెప్తున్నాను, దయ్యాలంటే నాకు భయం లేదు, కోపం ఉంది. అమీర్‌పేటలో బండ్ల ఏసీలు బాగుచేసే షెడ్డు పెట్టి పంతొమ్మిదేళ్లయింది. "బండికి దిష్టి తగిలింది", "గాలి సోకింది" అంటూ వచ్చినవాళ్లు ఎంతమందో. ఒకరికి ఫ్యూజు పోయి ఉంటుంది, ఇంకొకరికి ఎలుక వైరు కొరికి ఉంటుంది. పని చేతకాని మెకానిక్కుకి దయ్యం మంచి సాకు. నేను గేజు చూపించిందే నమ్ముతాను.

అయినా మొన్న మే నెలలో జరిగింది చెప్తాను. ఏమీ కలపను, ఏమీ దాచను. దాచాలనిపించేది ఒకటుంది, అదీ చెప్తాను.

మల్లేశ్ అని నా పాత కస్టమరు. అతనికో పాత సీఎన్‌జీ పికప్ బండి ఉంది. హాస్టళ్లు మారే పిల్లల మంచాలు, పరుపులు, పుస్తకాల డబ్బాలు వేసుకెళ్తుంటాడు. అతని భార్య స్వరూపకి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి ఎండ తగలనీయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. వారం వారం పంజాగుట్టలో ఆసుపత్రికి వెళ్లాలి. బైకు మీద కుదుపులు, ఆటోలో వడగాలి. అందుకే బండి ఏసీ బాగుచెయ్యమని వచ్చాడు.

చూస్తే కూలింగ్ కాయిల్ లీకు. మార్చి, గ్యాస్ నింపి, మంచులాంటి గాలి తెప్పించి పంపాను. రెండు రోజులకి మళ్లీ వచ్చాడు.

"అన్నా, పది నిమిషాలు మస్తు సల్లగొస్తది. గంతే, మల్ల వేడి గాలి."

గేజులు పెట్టాను. గ్యాస్ సరిగ్గానే ఉంది. కంప్రెసర్ ఆడుతోంది, ముందు ఫ్యాను తిరుగుతోంది. గంటసేపు వెతికాక చూశాను, డాష్‌బోర్డు మీద చిన్న లివర్. దాన్ని ఎడమకి తోస్తే క్యాబిన్ లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరిగి చల్లబడుతుంది. కుడికి తోస్తే బయటి గాలి లోపలికొస్తుంది. మే నెల ఎండలో బయటి గాలి వస్తే ఏ ఏసీ అయినా ఏం చేస్తుంది? ఆ లివర్ కుడికి ఉంది.

నువ్వే జరిపి మర్చిపోయుంటావ్ అన్నాను. "నేను ముట్టనే ముట్టలే అన్నా, నీ మీద ఒట్టు" అన్నాడు. ఒట్టేదో నీ మీదే పెట్టుకోవయ్యా అన్నాను.

లివర్ కింద కేబుల్ పాతది, బిగుసుకుని వెనక్కి లాగుతోందేమో అనుకుని మార్చాను. మర్నాడు మళ్లీ వచ్చాడు. బైండింగ్ వైరుతో లివర్‌ని ఎడమకి కట్టేశాను. ఆ సాయంత్రమే ఆ వైరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెగలేదు, మెలిక విప్పినట్టు తిన్నగా ఉంది.

అప్పుడు కేబుల్ మొత్తం ఊడదీశాను. ఇక ఆ లివర్‌కి ఏదీ తగిలించి లేదు, ఊరికే గాడిలో ఉందంతే. ఎడమకి తోసి, ఇంజను ఆపి, అద్దాలెక్కించి, తలుపులకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మల్లేశ్‌తో కలిసి టీకి వెళ్లాను. హోటల్లో నా పక్కనే కూర్చున్నాడు. పావుగంటలో తిరిగొచ్చి తాళం తీశాం. లివర్ కుడికి ఉంది.

మల్లేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "బండికి ఏదో గాలి సోకిందన్నా" అన్నాడు. నా ఒళ్లు జలదరించిన మాట నిజం. కానీ దానికంటే ఎక్కువగా పౌరుషం పొడుచుకొచ్చింది. పంతొమ్మిదేళ్ల సర్వీసు, ఇంత బుల్లి లివర్ నన్ను వెక్కిరించడమా?

గ్లవ్‌బాక్సు విప్పాను. దాని వెనక, ఆ కేబుల్ లాగితే తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే ఒక రెక్క ఉంటుంది. దాన్ని మూసి రెండు స్క్రూలు దిగ్గొట్టాను. చేతి బలమంతా పెట్టి బిగించాను. గ్లవ్‌బాక్సు బిగించకుండా పక్కన పెట్టేశాను, మళ్లీ చూడాల్సొస్తుందని.

మర్నాడు పదకొండింటికి స్వరూపకి చెకప్. నేనూ వస్తాను, దార్లో కూలింగ్ చూస్తానన్నాను. మాకొక పద్ధతుంది. పని అయ్యాక అద్దాలన్నీ మూసి, గాలి వచ్చే చోట థర్మామీటరు గుచ్చి, పావుగంట కదలకుండా చూస్తాం. మధ్యలో తలుపు తీస్తే లెక్క తప్పుతుంది. ఆమె ఎక్కేముందే క్యాబిన్ చల్లబడాలని షెడ్డు ముందే బండి చాలాసేపు స్టార్టింగులో ఉంచాను. తర్వాత మల్లేశ్ డ్రైవింగు, మధ్యలో స్వరూప, కిటికీ పక్కన నేను.

మెట్రో పిల్లర్ల పక్కన బండ్లు చీమల్లా కదులుతున్నాయి. పంజాగుట్ట ఫ్లైఓవర్ దరిదాపుల్లోకి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయాం. థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. నాకు మహా సంతోషంగా ఉంది.

"అన్నా, తలకాయ నొస్తుంది. గా అద్దం జర దించుతవా?" అని స్వరూప అడిగింది.

"ఐదు నిమిషాలు ఓపిక పట్టమ్మా, కూలింగ్ పోతుంది" అన్నాను.

ఆ పిల్ల మళ్లీ అడగలేదు. కాసేపటికి తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయింది పాపం, ఇన్నాళ్లకి చల్లగా ఉంది కదా అనుకున్నాను. మల్లేశ్ ఆవలిస్తున్నాడు. నాకూ కణతలు అదురుతున్నాయి. థర్మామీటరు మీద అంకె చదువుదామంటే రెండుగా కనిపిస్తోంది. ఎండ దెబ్బేమో అనుకున్నాను, చల్లటి క్యాబిన్‌లో కూర్చుని. అంత మొద్దుబారిపోయింది బుర్ర.

కాళ్ల దగ్గర టిక్కుమంది. మళ్లీ ఇంకోసారి. కిందికి చూస్తే మ్యాటు మీద రెండు స్క్రూలు. తలెత్తేసరికి లివర్ కదులుతోంది. గబుక్కున కాదు, మనిషి వేలితో తోసినట్టు నిదానంగా ఎడమ నుంచి కుడికి వెళ్లింది. ఏమీ తగిలించి లేని లివర్ అది. వెంటనే రోడ్డు మీది వేడి గాలి మొహాన కొట్టింది.

ఆ గాలికి తెలివొచ్చింది. స్వరూపని పిలిచాను, పలకలేదు. కదిపాను, మెడ వాలిపోయింది. తలుపు తన్ని తెరిచి, ఆమెని చంకల కింద పట్టి కిందికి లాగాను. మల్లేశ్ హారన్ల మధ్య బండిని అక్కడే వదిలేసి దూకాడు. ఇద్దరం మోసుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ నాలుగు నిమిషాల్లో మొక్కని దేవుడు లేడు, నాస్తికుణ్ణే అయినా.

బండి పొగ పీల్చిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆ బండిలోనే ఉంటే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ మల్లేశ్ మొహం మీదే చెప్పింది. మధ్యాహ్నానికి స్వరూప కళ్లు తెరిచింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పగానే మల్లేశ్ వరండాలో నేల మీద కూర్చుండిపోయాడు. నన్ను పట్టుకుని "నువ్వు లేకుంటే నా ఇల్లు కూలుతుండె అన్నా" అని ఏడ్చాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

సాయంత్రం బండిని షెడ్డుకి తోయించి కిందికి దూరాను. ఇంజను నుంచి సైలెన్సర్‌కి వెళ్లే పైపు పగిలింది. పాత బండి, పగులుతుంది. సీఎన్‌జీ పొగకి రంగుండదు, పెద్దగా వాసనా ఉండదు. కానీ పొగ క్యాబిన్‌లోకి ఎలా వచ్చింది? ఏసీ పైపులు ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే చోట రేకుకి ఒక కంత ఉంటుంది. పైపుల చుట్టూ నల్ల పుట్టీ మెత్తాలి. కాయిల్ మార్చిన రోజు పుట్టీ అయిపోయింది. తర్వాత మెత్తుదాంలే అని ఒక గుడ్డపీలిక కుక్కాను. మర్చిపోయాను. ఆ గుడ్డ కాలి, మసిబారి కింద పడి ఉంది.

లివర్ గోల మొదలైంది నేను ఆ కంత వదిలేశాకే. అంతకుముందు ఎన్నడూ అది కదల్లేదు. బయటి గాలి వచ్చినంతసేపూ ఆ బండిలో ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని మూసి స్క్రూలు కొట్టింది నేను.

ఆ స్క్రూలు దిగిన ప్లాస్టిక్‌ని టార్చి వేసి చూశాను. కుదుపులకి ఊడితే రంధ్రాలు గీసుకుపోతాయి. గీత కూడా లేదు, స్క్రూడ్రైవరుతో తిప్పి తీసినట్టు శుభ్రంగా ఉన్నాయి. కంత మూసి, పైపు మార్పించి, ఆ లివర్‌ని ఎన్ని రకాలుగా కదిలిద్దామని చూశానో. గుంతల రోడ్డులో తిప్పాను. రాత్రంతా ఎడమకి తోసి ఉంచాను. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

మూడో రోజు మల్లేశ్ స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. డబ్బా తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. కంత, గుడ్డ, అద్దం దించమంటే దించకపోవడం, అన్నీ. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. బండి వైపు చూశాడు. స్వీట్ల డబ్బా బెంచీ మీద పెట్టాడు.

"అయితే గా లివర్ జరిపింది ఎవరన్నా?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.