మా ఇంటి గడప దాటని మాట

మా చిన్నప్పుడు... బడికి పోయే ముందు అమ్మ జొన్న సంగటి ముద్దలో వేలితో గుంట చేసి, అందులో కారం వేసి, పైన నూనె చుక్క వేసి చేతిలో పెట్టేది. ఎండుమిరపకాయలు, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు... రోట్లో దంచితే అయిపోయింది. పప్పులు, పుట్నాలు ఏమీ ఉండవు.

బేస్తవారిపేట చుట్టుపక్కల అందరూ దాన్ని గొడ్డుకారం అంటారు. మా ఇంట్లో మాత్రం వట్టికారం.

ఊరంతా గొడ్లచావిడి అంటే మేం కొట్టం అనేవాళ్ళం. ఊరంతా గొడ్డుచాకిరి అంటే అమ్మ 'రెక్కలిరిగే పని' అనేది. నాయన ఒక్కోసారి మర్చిపోయి "గొడ్లకు నీళ్ళు..." అని మొదలుపెట్టి, దగ్గి, "పశువులకు నీళ్ళు పెట్టినారా" అని ముగించేవాడు.

కారణం మా నాగమ్మత్త. నాయనకు చెల్లెలు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు, పిల్లలు లేరని అత్తగారివాళ్ళు పుట్టింటికి పంపేశారు. అత్తింట్లో ఆమెను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారట. "గొడ్డుది" అనేవాళ్ళు.

ఆమె ట్రంకుపెట్టెతో మా గడప దాటిన రోజే అమ్మ ఆ మాటను ఇంట్లోంచి పంపేసింది. నాకు ఒక్కసారే చెప్పింది.

"బడికాడ ఏమన్నా అనుకో. ఈ గడప లోపల ఆ మాట అన్నావంటే నీ ముద్దలో వట్టికారం కూడా ఉండదు."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వానలు ముఖం చాటేశాయి. మేతకు కరువు. మా నల్లావు మూడేళ్ళుగా చూడి కట్టలేదు. అమ్మేద్దామని నాయన కంభం నుంచి ఒక దళారిని పిలిపించాడు.

మా వైపు ఆవును అమ్మినా పలుపు అమ్మరు. మెడలోని మన తాడు విప్పి ఇంట్లో దాచుకుంటాం. కొన్నవాడు తన తాడు కట్టి తోలుకుపోతాడు. పలుపు విప్పితే ఇక ఆవు మనది కాదు.

దళారి ఆవు చుట్టూ తిరిగాడు. నడుం తట్టాడు.

"ఏంది మామా, ఈ గొడ్డుదాన్ని ఇన్నాళ్ళు ఎట్ల మేపినావు? దండగ తిండి కదా."

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అత్త కుడితి తొట్టి దగ్గర ఉంది. నాయన తల ఎత్తలేదు. వేళ్ళు అప్పటికే పలుపు ముడి మీద ఉన్నాయి...

అత్త చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆవు పక్కన నిలబడింది.

"దీన్ని ఎందుకు అమ్ముతుండావు అన్నా?"

"మేత లేదు కదమ్మా."

"మేత లేకనా, ఈనలేదనా?"

దళారి నవ్వాడు. "ఈననిది ఎందుకక్కా ఇంట్లో?"

అత్త వాడి వైపు చూడలేదు.

"కాడి కట్టు అన్నా, దున్నుతాది. తిన్నదానికి పని చేసేదాన్ని ఎవరన్నా ఇంట్లోంచి తోలేసుకుంటారా?"

ఎవరి గురించి అడుగుతోందో నాకు కూడా అర్థమైంది.

నాయన సగం వదులైన ముడిని లాగి బిగించాడు.

"మజ్జిగ తాగి పో అబ్బీ," అన్నాడు దళారితో.

ఆవును కాడి కట్టామని ఊళ్ళో నవ్వారు. మేతకు అత్తే రోజూ అడవి వైపు పోయి గడ్డి కోసుకొచ్చేది. నల్లావు నాలుగేళ్ళు దున్నింది. చివరిదాకా ఈనలేదు.

తర్వాత మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు నిఘంటువు తీసి చూశాను. ఒకే మాట కింద ఎన్ని అర్థాలో... పశువు. ఈనని ఆవు. పిల్లలు లేని స్త్రీ. వట్టిది, ఏమీ కలపనిది. ఏది ముందు, ఏది వెనక అని మా తెలుగు మాస్టారిని అడిగాను. రెండు వేరు మాటలు వాడుకలో అరిగి ఒకటయ్యాయేమో అన్నారు, తేల్చి చెప్పలేదు. నాకు తెలిసిన అర్థం ఆ పుస్తకంలో లేదు. మా అమ్మ మానుకున్న మాట అది.

పెళ్ళయిన కొత్తలో పద్మ అడిగింది. "ఏందయ్యా, మీ ఇంట్లో కారానికి కూడా వేరే పేరా?" కథంతా చెప్పాను. విని, "మంచి ఇల్లే," అంది.

మాకు పిల్లలు పుట్టలేదు. ఒంగోలు, గుంటూరు తిరిగాం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆమె ఏం విన్నదో నాకెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం ఏమీ వినలేదు. కోడలి కోసం అమ్మ కొత్తగా మానుకోవలసిన మాట లేదు. ఆ పని అత్త వచ్చిన రోజే అయిపోయింది.

పోయిన ఏడు పద్మ పోయింది.

కారం ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. రోలు లేదు, మిక్సీ. కొట్టం ఉన్న చోట అద్దెకు తిప్పే ట్రాక్టరు నిలబడి ఉంటుంది. నల్లావు పలుపు ఇంకా గోడకు వేలాడుతోంది.

మొన్న గిద్దలూరు బస్టాండు దగ్గర హోటల్లో 'గొడ్డుకారం ఇడ్లీ' అని పెద్ద బోర్డు. "వట్టికారం ఇడ్లీ" అన్నాను. సర్వరు కుర్రాడికి అర్థం కాలేదు. వేలితో బోర్డు చూపించాను.

అమ్మ, నాయన, అత్త ఎప్పుడో పోయారు. ఇప్పుడు ఇంట్లో నేనొక్కడినే. అన్నా వినేవాళ్ళు లేరు. అయినా ఈ పోస్టు బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను... పూర్తయ్యాకే గడప దాటి లోపలికి పోతాను.

మీ ఇంట్లోనూ ఎవరి కోసమో మానుకున్న మాట ఒకటి ఉండే ఉంటుంది. ఆ మాట రాయకండి. ఎవరి కోసం మానుకున్నారో చెప్పండి.