చప్పుడు తగ్గితే ఆగాలి

నిన్న సాయంత్రం దుబాయ్ నైఫ్ పేటలో మా గది కిందున్న కఫెటేరియాలో ఎవరో సోడా డబ్బా తెరిచారు. 'టప్' మని రావలసిన శబ్దం 'తుప్' మని, నోట్లో గుడ్డ కుక్కినట్టు వచ్చింది. గ్యాసు పోయిన డబ్బా, అంతకు మించి ఏమీ కాదు. కానీ నా కుడిచెయ్యి నన్నొక మాట అడగకుండా పైకి లేచి, అరచెయ్యి ముందుకు చాపి నిలబడింది. పెద్ద కెటిలుతో టీ పోస్తున్న మలయాళీ కాకా మధ్యలో ఆగిపోయాడు. "క్యా హువా భాయ్?" అన్నాడు. ట్రాఫిక్ పోలీసు ఉద్యోగానికి సాధన చేస్తున్నానని చెప్పి చెయ్యి దించుకున్నాను. అతను నవ్వాడు. ఆ చెయ్యి పేరుకే నాది. అలా ఎత్తడం నేర్పినవాడు మస్తాన్ చాచా.

చాచాది కడప పక్కన పల్లె, నాది గోదావరి లంక. దుబాయ్ దాటి ఎడారి మొదలయ్యేచోట, సర్కారు అనుమతులన్నీ ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో ఆయన తుపాకుల మేస్త్రీ. నేను పుట్టకముందే వచ్చినవాడు. కరోనాకి నా హోటలు ఉద్యోగం మూతపడి, లాక్‌డౌన్ ఎత్తేశాక నేను ఆ క్లబ్బులో రేంజ్ అసిస్టెంటుగా చేరాను. వినడానికి బాగుంటుంది కానీ, పని మాత్రం పేలిన తూటాల ఇత్తడి తొడుగులు ఊడ్చి ఎత్తడం. తుపాకుల దగ్గర ఉద్యోగమని ఫోన్లో చెబితే మా అమ్మ భయపడింది. చీపురుతోనే అని చెబితే ఇంకా ఎక్కువ బాధపడింది.

క్లబ్బు యజమాని తండ్రిని మేమంతా బాబా అని పిలిచేవాళ్లం. ఆయనకొక పాత మాగ్నమ్ రివాల్వర్ ఉండేది. కొన్న తూటాలు వేసి కాలిస్తే అది గాడిదలా వెనక్కి తన్నేది. మణికట్టుకి ఆపరేషన్ అయ్యాక ఆ తన్ను తినే శక్తి బాబాకి పోయింది, కాల్చాలన్న కోరిక పోలేదు. అందుకని చాచా ఆ ఇత్తడి తొడుగుల్లోనే తుపాకిమందు తగ్గించి మెత్తటి తూటాలు చేసేవాడు. ఊడ్చిన తొడుగులు తోమి ఇవ్వడం నా వంతు కాబట్టి, మెల్లగా ఆయన గదిలోకి నాకు ప్రవేశం దొరికింది. మందు తగ్గించడం కదా, ప్రమాదమూ తగ్గుతుందనుకున్నాను. చాచా తల అడ్డంగా ఊపాడు. తొడుగు పెద్దది, మందు చిటికెడు. అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు, అసలు పడకపోయినా తెలియదు. అందుకే తొడుగులన్నీ చెక్క పళ్లెంలో నిలబెట్టి, గుండు బిగించేముందు ఒక్కొక్కదానిలోకీ టార్చి వేసి చూసేవాడు.

"తక్కువేసేటప్పుడే ఎక్కువ సూడాల అబ్బీ. నిండా ఏసింది దానంతటదే కనపడ్తాది."

"మా హాస్టల్ సాంబారూ ఇంతేనండి చాచా. ముక్కుందో లేదో టార్చి వేసి చూసుకునేవాళ్లం."

టీ తాగుతూ నేనన్న ఈ మాటకి చాచా చేతిలోని పళ్లెం కింద పెట్టి, టార్చి ఆర్పి, అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వు అంత పద్ధతిగా ఉండేది. చేతిలో పని ఉంటే నవ్వు దాని వెనక వరసలో నిలబడి ఎదురుచూసేది.

రెండో పాఠం చప్పుడు గురించి. మందు పడని తూటాని కాలిస్తే, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ ఒక్కటే పేలి గుండుని కొంతదూరం తోసి వదిలేస్తుంది. గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది. శబ్దం 'తుప్' మని మాత్రమే వస్తుంది. అది గమనించక రెండోది కాలిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది. "సప్పుడు తగ్గితే ఆగల్ల. ఎవురు కాలుస్తాన్నా సరే, చెయ్యెత్తు" అన్నాడు.

"పెద్దాయన్ని చెయ్యెత్తి ఆపితే నా వీసా ఎత్తేస్తారండి."

"వీసా మళ్లా వస్తాది. చెయ్యి రాదబ్బీ."

ఇంకో అలవాటు కూడా ఉండేది. తాను చేసిన తూటాలు బాబా కాలుస్తున్నంతసేపూ చాచా పక్కనే నిలబడేవాడు. ఎండైనా, ఒళ్లు బాగాలేకపోయినా ఇంకొకరిని పంపేవాడు కాదు. అడిగితే, "వండినోడే వడ్డించాల" అనేవాడు.

అవి మాస్కుల రోజులు. నా జోకులకి చాచా టీ, భోజనాల దగ్గర మాత్రమే నవ్వేవాడని కొన్నాళ్లకి గమనించాను. పనిలో ఉన్నప్పుడు అదే జోకు చెబితే మర్యాదగా తల ఊపేవాడు. ఖుబ్బూస్ రొట్టె, పప్పు ముందు పెట్టుకున్నాక చెబితే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవాడు. నా హాస్యానికి పప్పు తోడు కావాలేమో అనుకుని కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. టీ, భోజనాల దగ్గర మాస్కులుండవన్న సంగతి నాకు తట్టలేదు.

ఒకరోజు గదిలో ఆయన వెనక నిలబడి, "చాచా, మీ కాలి దగ్గర తేలు" అన్నాను. చాచా కదలలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. తొడుగుల్లోకి టార్చి వేసుకుంటూనే ఉన్నాడు. ముందుకి వెళ్లి మాస్కు దించాను.

"ఏమబ్బీ, ఎప్పుడొచ్చినావు?"

"తేలుందన్నానండి."

"ఉండాదా?"

"లేదండి. ఊరికే అన్నాను."

కాసేపు నా మొహం చూసి, టార్చి ఆర్పాడు. "ఉండింటే కుట్టేదాకా తెలిసేది కాదులే. కుడిసెవి పోయి శానా నాళ్లయింది. ఇప్పుడు ఎడమదీ పోతాంది. పాత దినాల్లో సెవులకి దూది పెట్టుకోని నిలబడినోళ్లం అబ్బీ. మీ మాదిరి మఫ్‌లు యాడివి?"

చెవి మిషను పెట్టించుకోమన్నాను. మిషను పెట్టుకున్నవాడిని రేంజిలో నిలబడనివ్వరని, తెలిస్తే ఇంటికి పంపేస్తారని చెప్పాడు. ఇల్లు మంచిదే కదా అన్నాను. అక్కడ చెల్లెలు, ఆమె కొడుకు ఈయన్ని ప్రాణంగా చూసుకుంటారని నాకు తెలుసు.

"ఇంటికాడ నేను ఒట్టి సెవిటోన్ని. ఈడ మస్తాన్‌ని."

ఆ పూటకి నేను మాస్కు మళ్లీ పైకి లాగలేదు.

ఆ తర్వాత నోటితో చెప్పుకోకుండానే ఒక ఏర్పాటు కుదిరింది. బాబా కాలుస్తున్నప్పుడు నేను చాచా ఎడమపక్క నిలబడేవాణ్ని. చప్పుడు తగ్గితే చెయ్యెత్తాలి. "మీ చెవులు గోదావరి జిల్లా నుంచి దిగుమతయ్యాయండి" అని ఆయన ముఖం ఎదుట చెబితే, "వాగుడు ఎక్కువ, నికరం తక్కువ" అన్నాడు. చాలాకాలం ఎత్తాల్సిన అవసరమే రాలేదు. ఆయన టార్చి ముందు తప్పు నిలబడేది కాదు. మాస్కులు తీసేయవచ్చన్నప్పుడు దేశమంతటా ఆయనంత సంతోషించినవాడు లేడేమో. అందరూ గాలి పీల్చుకుంటుంటే ఆయన అందరి నోళ్లూ చూసుకుంటూ తిరిగాడు.

ఆ తర్వాత ఒకరోజు బాబాతో అతిథులు వచ్చారు. బాబా రివాల్వర్ చేతిలోకి తీసుకుంటుండగా ముదీర్, అంటే మా మేనేజరు, "యల్లా, గహ్వా!" అని నన్ను కేకేశాడు. నేను వెనక కాఫీ కప్పుల పళ్లెంతో ఉండిపోయాను. మొదటిది పేలింది, సరిగ్గానే. రెండోదీ అంతే. మూడోది 'తుప్' మంది.

బాబా రివాల్వర్ వైపు ఒకసారి చూసి, బొటనవేలితో దాని వెనకున్న గుర్రం మీటని మళ్లీ లాగుతున్నాడు. చాచా దూరంగా ఉన్న గురి బోర్డు వైపు చూస్తూ, సంతోషంగా తల ఊపుతున్నాడు. పళ్లెం వదిలేసి పరిగెత్తాను. "ఆగండి!" అని అరిచాను, అచ్చ తెలుగులో. బాబాకి తెలుగు రాదని గుర్తొచ్చేసరికి నా అరచెయ్యి పక్కనుంచి ఆయన మొహం ముందు ఉంది. బాబా గుర్రాన్ని మెల్లగా దించి, రివాల్వర్‌ని బల్లమీద పెట్టాడు.

చాచా ఇటు తిరిగి, ముందు నా చెయ్యి చూశాడు, తర్వాత నా ముఖం. రివాల్వర్ తెరిచి ఖాళీ చేసి, గొట్టంలోకి సన్నటి కడ్డీ దించాడు. అది సగంలో ఆగింది. తీసి మళ్లీ దించాడు, ఈసారైనా పోతుందేమోనన్నట్టు. మళ్లీ అక్కడే ఆగింది. బాబా ఆ కడ్డీనీ, తన చేతినీ మార్చి మార్చి చూసుకున్నాడు. వేళ్లు ఒకసారి ముడిచి, తెరిచి, "అల్హమ్దులిల్లా" అని నా భుజం తట్టాడు. "ఖలాస్, కుఛ్ నహీ హువా" అన్నాడు ముదీర్. అతిథులు పగిలిన కప్పుల గురించి విచారం వెలిబుచ్చారు.

గదిలోకి వచ్చాక చాచా బల్లముందు కూర్చుని ఖాళీ పళ్లెం ముందుకి లాక్కున్నాడు.

"నిన్న నేను మందేస్తాంటే నువ్వేదో చెప్తాంటివి. మీ లంకలో పంతులు, పడవ..."

"అవునండి."

"నీ నోరు సూసినా. నవ్వినా. పళ్లెం కింద పెట్టల్యా. ఒకదాంట్లోకి టార్చి ఏయకనే గుండు బిగించినా."

"నా జోకు వల్లనాండీ?"

"కాదబ్బీ. జోకు బాగుండాది. నేనే సెవుల పని కండ్లకిచ్చినా. కండ్లకి వాటి పని వాటికుండాది గదా."

లేచి చొక్కా సర్దుకున్నాడు, ముదీర్ దగ్గరికి వెళ్లడానికి. నేను తలుపుకి అడ్డంగా నిలబడి, స్పష్టంగా పెదవులు కదుపుతూ, "మీరు చెప్పకపోతే ఎవరికీ వినపడదండి చాచా" అన్నాను. అది జోకేమోనని ఆయన కాసేపు చూశాడు. నేను నవ్వలేదు.

"ఎవురు కాలుస్తాన్నా సరే అని చెప్పింటి గదా" అన్నాడు. నన్ను పక్కకి జరిపి వెళ్లాడు.

అన్నీ తానే చెప్పాడు. మా ఇద్దరి ఏర్పాటు సంగతి మాత్రం చెప్పలేదు. బాబా ఆయన్ని పంపడానికి ఒప్పుకోలేదు, గేటు దగ్గర కూర్చునే పని ఇమ్మన్నాడు. "గేటు కాడ కుక్కయినా ఇంటాది" అని నాతో అన్నాడు చాచా. ఆయన వేసిన జోకుల్లో నేను నవ్వలేకపోయింది అదొక్కటే.

ఆ పని వద్దని చాచా ఊరికి టికెట్టు తీయించుకున్నాడు. పోయేముందు ఆ టార్చి నా చేతిలో పెడతాడని ఆశపడ్డాను. కథల్లో అలాగే కదా జరుగుతుంది. అది క్లబ్బు సామాను అబ్బీ అని స్టోరులో అప్పజెప్పి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో మాత్రం లోపలికి వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు.

"ఆ పంతులు కత ఆ పొద్దు సగమే సూసినా. మొత్తం చెప్పు."

జనం తోసుకుపోతుండగా చెప్పాను. మా లంకలో ఈత రాని పంతులు పడవలో నిలబడి ఈత మీద పాఠం చెబుతూ నీళ్లలో పడ్డాడు. పిల్లలంతా దూకి పైకి లాగితే, "పాఠం పూర్తికాకుండా చెయ్యి పెట్టిందెవర్రా?" అని కోప్పడ్డాడు. చాచా నా పెదవుల్ని చివరిదాకా చూశాడు. సంచి కింద పెట్టాడు. తర్వాత నవ్వాడు.

ఊళ్లోంచి వీడియో కాల్ చేసేవాడు. నేను నోరు పెద్దదిగా తెరిచి మాట్లాడేవాణ్ని, మా గదిలోవాళ్లు నాకు పళ్లనొప్పి అనుకునేవాళ్లు. పోయినేడాది ఒకరోజు రేంజిలో ఉండగా ఆయన నంబరు నుంచి వీడియో లేని కాల్ వచ్చింది. చాచా అలా చేసేవాడు కాదు. చెవి మఫ్ ఒకపక్కకి జరిపి ఎత్తాను. మేనల్లుడు. "మామ తెల్లారి నిద్దర్లోనే పోయినాడన్నా" అన్నాడు. అంత చిన్నగా అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకుని నా చోటికి వెళ్లి నిలబడ్డాను. ఎవరో పర్యాటకుడు కాలుస్తున్నాడు. గోడలు అదిరేలా, నిండుగా పేలింది. నా చెయ్యి లేచింది. వరస మొత్తం ఆగిపోయింది. ముదీర్ వచ్చాడు, రివాల్వర్ ఖాళీ చేయించి కడ్డీ దించాడు. అడ్డం లేకుండా ఈ చివరినుంచి ఆ చివరికి వచ్చింది. ఏమైందని అడిగాడు. చప్పుడు తగ్గినట్టు వినిపించిందన్నాను. ఆయన నా ముఖం చూశాడు, నేను చెయ్యి దించేదాకా ఎవరినీ కాల్చనివ్వలేదు.

బాబా మెత్తటి తూటాలు ఇప్పుడు నేనే చేస్తున్నాను, పక్కన నేనే నిలబడుతున్నాను. జోకులు మానలేదు. నిన్న ఆ కఫెటేరియాలో కాకా నన్ను వదల్లేదు. ఆ చెయ్యెందుకు ఎత్తావు, కథేమిటో చెప్పమన్నాడు. నవ్వించే కథ ఒకటి నాలుకదాకా వచ్చింది కూడా, పంతులూ పడవా. కాకా చేతిలో కెటిలు పొగలు కక్కుతోంది.

"ముందు అది కింద పెట్టు కాకా" అన్నాను.