పొలం అంచున వదిలిన పేగులు

కెనడాలోని సస్కటూన్‌లో విత్తనాల ల్యాబులో పనిచేసే రాగిణికి వేట నేర్పింది తోటి ఉద్యోగిని డోనా. ఒంగోలు ఆడమనిషి తుపాకీ పట్టడమేమిటని తెలుగువాళ్ల పార్టీల్లో వింతగా చూసేవారు. రాగిణి నవ్వి ఊరుకునేది. లైసెన్సు తీసుకుంది, పొలం యజమానిని అడిగి మరీ వెళ్లేది, కొట్టిన జింకలో తినదగ్గదేదీ పారేసేది కాదు. తాను పద్ధతిగల వేటగత్తెనని ఆమెకు లోలోపల గర్వం.

కిందటి నవంబరులో జింకను కొట్టి, అక్కడే పొట్ట చీల్చి, పేగులూ ఊపిరితిత్తులూ మంచు మీద వదిలేసింది. అక్కడ అందరూ చేసే పనే. పక్క చెట్టుకు కెమెరా కట్టి వచ్చింది. మర్నాటి నుంచి ఫోనుకు ఫొటోలు రాసాగాయి. ముందు మాగ్‌పై పిట్టలు, తర్వాత కయోటీ నక్కల జంట, ఆపైన తెల్లతల గద్ద.

"చూడు కిరీటీ, నా వల్ల ఎన్నిటికి భోజనమో!" అని భర్తకు చూపించింది. తెలుగువాళ్ల గ్రూపులోనూ పెట్టింది.

కొన్నాళ్లకు కెమెరా తెచ్చుకుందామని ఇద్దరూ వెళ్లేసరికి ఆ గద్ద గోధుమ మోళ్ల మధ్య కూలబడి ఉంది. రెక్కలు వేలాడుతున్నాయి, తల నిలవడం లేదు. మనుషులు దగ్గరికొచ్చినా ఎగరలేదు. రాగిణి తన కోటు విప్పి దాని మీద కప్పింది. పెట్టెలో పెట్టుకుని పక్షుల ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఎక్స్‌రేలో గద్ద కడుపు నిండా తెల్లటి చుక్కలు. సీసం, పక్షులకు విషం అంది డాక్టరు. తూటా జింక ఒంట్లో చిట్లి, ముక్కలు పేగుల్లో మిగిలిపోతాయట. ఎక్కడ దొరికింది, దగ్గర్లో ఎవరైనా వేటాడారా అని అడిగింది.

"తెలీదు. రోడ్డు పక్కన కనిపించింది" అంది రాగిణి ఇంగ్లీషులో. కిరీటి తల తిప్పి ఆమె వంక చూశాడు.

కారెక్కాక అడిగాడు. "ఎందుకలా చెప్పావ్?"

"నా నోటితో ఎలా చెప్పను? సిగ్గేసింది."

"సరే, కానీ ఆ పేగులు ఇంకా అక్కడే ఉన్నాయి కదా. మిగతావి తింటాయి."

రాగిణి కారు వెనక్కి తిప్పమంది. గడ్డకట్టిన పేగుల్ని పారతో గీకి సంచికెత్తుతుంటే, మాగ్‌పైలు తమ తిండి లాక్కుపోతున్నారని చుట్టూ అరిచాయి. ఆ అరుపులకు ఆమె తలెత్తలేకపోయింది.

మర్నాడు గద్ద చచ్చిపోయిందని డాక్టరు ఫోను చేసింది. అప్పుడు నిజం చెప్పింది రాగిణి. డాక్టరు తిట్టలేదు. చెప్పినందుకు థాంక్స్ అంది, అలా చిట్లని రాగి తూటాలు కూడా దొరుకుతాయంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది రాగిణికి.

గ్రూపులో తను పెట్టిన ఫొటో కిందే జరిగింది రాసింది. ల్యాబులో డోనాకూ చెప్పింది. డోనా కొట్టిపారేసింది. ఇన్నేళ్లుగా వేటాడుతున్నా, ఒక్క గద్దా చావలేదంది.

"చచ్చినా నువ్వు చూసుండవు. నేనూ మొన్నటిదాకా చూడలేదు" అంది రాగిణి.

డోనా ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. వారం తర్వాత వచ్చి, ఆ రాగి తూటాలు ఏ కొట్లో దొరుకుతాయని అడిగింది. రాగిణి చెప్పింది. కానీ ఆ గద్ద ఫొటోను మాత్రం మళ్లీ తెరిచి చూడలేకపోయింది.